మలుపు దగ్గర దిమ్మె

పొజ్నాన్, 1994 మార్చి 3

ఒటీలియాకు,

అవసరం పడితేనే అన్నయ్యకు చెల్లెలు గుర్తొస్తుందని నువ్వు అనేలోపు నేనే ఒప్పుకుంటున్నాను. అవసరం పడింది.

మా అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్లు గోడకు కాగితం అంటించారు. నీటి గొట్టాలు మారుస్తారట, మే నెలాఖరుకల్లా అందరూ నేలమాళిగలు ఖాళీ చెయ్యాలి. మిగతావాళ్ల మాళిగల్లో బంగాళాదుంపలూ పాత సైకిళ్లూ ఉన్నాయి. నా మాళిగలో టెలిస్కోపు ఉంది. ట్రామ్ డిపో నుంచి ఇంటికొచ్చి, పదకొండు చలికాలాలు అక్కడే కూర్చుని దాని పది అంగుళాల అద్దాన్ని చేత్తో అరగదీశాను. దాన్ని ఒక్కసారి కూడా ఆకాశం కిందికి తీసుకెళ్లలేదు. నాలుగో అంతస్తు వాడికి ఆకాశం ఎక్కడిది? ఉన్న కాస్తనూ వీధిదీపాలు తినేస్తున్నాయి.

టోరున్‌లో ఒకాయన ఇస్తే పట్టుకుపోతానంటున్నాడు. ఆయనకిచ్చే ముందు నిన్ను అడుగుతున్నాను. ఓల్షాంకాలో నీకు పెరడుంది, చుట్టూ చీకటుంది. ఒక మూల నాకివ్వు.

ఇస్తే ముందు కాంక్రీటు దిమ్మె కట్టాలి. మీ వైపు చలి ఎక్కువ. పైపైన కడితే, నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు దాన్ని పైకి తోసేస్తుంది. కాబట్టి మనిషి ఛాతీ లోతు గుంత తవ్వించు. మధ్యలో వెడల్పాటి సిమెంటు గొట్టం నిలబెట్టి, ఇనప కడ్డీలు దించి, కాంక్రీటు నింపాలి. నేల పైకి నీ నడుమెత్తు చాలు. తడి ఆరకముందే పైన నాలుగు బోల్టులు నాటించు. దక్షిణం వైపు చెట్లు అడ్డం ఉండకూడదు. బొమ్మ గీసి పంపిస్తున్నాను.

వద్దంటే వద్దనే రాయి. నేనేం అనుకోను. అనుకుంటానులే.

నీ జెనోన్

---

ఓల్షాంకా, మార్చి 19

అన్నయ్యకు,

టోరున్ ఆయనకి ఇస్తే నీతో మాట్లాడను. చోటు చూశాను. దక్షిణం వైపు తెరిపిగా ఉన్నది ఒక్కటే చోటు, రోడ్డు మలుపు తిరిగే దగ్గర, మా ప్రహరీ లోపల.

మేస్త్రీ కూడా దొరికాడు. పేరు తెయోఫిల్. ఊళ్లో పొయ్యిలు, గోడలు, సమాధులు అన్నీ ఆయనే కడతాడు. నీ బొమ్మ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఛాతీ లోతంటే కొంచెం పైనే అవుతుంది. ఎవర్ని నిలబెట్టి పాతేస్తున్నావమ్మా?" అన్నాడు. నేల ఇంకా గడ్డకట్టే ఉంది, గునపం వేస్తే గంట కొట్టినట్టు మోగుతోంది. ఏప్రిల్ దాకా ఆగమన్నాడు.

ఆ మనిషి పావుగంట నాతో మాట్లాడాడని నాకెంత సంతోషమైందో నువ్వు నమ్మవు. రైల్వే టికెట్ కౌంటర్లో ముప్పై ఏళ్లు జనంతో మాట్లాడి మాట్లాడి, పదవీ విరమణ అయ్యాక ప్రశాంతత కావాలని ఇల్లు కొనుక్కుని ఇక్కడికొచ్చాను. మూడేళ్లయింది. ఎదురుపడితే "దేవునికి స్తోత్రం" అంటారు, నేనూ అంటాను, అక్కడితో సరి. నన్ను ఇంకా పట్నపామె అనే పిలుస్తున్నారు. ప్రశాంతత మరీ ఎక్కువైంది. నీ దిమ్మె కట్టే పనిలోనైనా నాకు కాలక్షేపం అవుతుంది.

ఒటీలియా

---

పొజ్నాన్, ఏప్రిల్ 2

బంగారు చెల్లెలికి,

(అవసరం తీరేదాకా ఇలాగే పిలుస్తాను.)

దిమ్మె తరవాత గూడు. టెలిస్కోపుని రోజూ మోసుకురాలేవు, నిలబెట్టిన చోటే ఉండాలి. కాబట్టి దిమ్మె చుట్టూ నిలువు బీరువాలా చెక్క గూడు కట్టించు. ఎత్తు రెండు మీటర్లు. పైన మంచు నిలవకుండా రెండు వైపులా వాలుగా రేకు కప్పు. ముందు వైపు మొత్తం తెరుచుకునేలా తలుపు. అడుగున నాలుగు చక్రాలు, కింద రెండు పలకలు పట్టాల్లా. చూడాలనుకున్నప్పుడు గూడు మొత్తాన్ని వెనక్కి నెట్టేస్తే టెలిస్కోపు ఆరుబయట ఉంటుంది.

వాన గురించి భయపడకు, చెమ్మ గురించి భయపడు. కింద నాలుగు బొక్కలు, కప్పు కింద నాలుగు బొక్కలు, వాటికి జాలీ. గాలి కింద నుంచి దూరి పై నుంచి పోవాలి. దాన్ని ఎలాంటి ప్లాస్టిక్‌లోనూ చుట్టకు. నీ సంగతి నాకు తెలుసు, సోఫాకే ప్లాస్టిక్ తొడిగిన మనిషివి.

టెలిస్కోపు గొట్టమూ, దాన్ని మోసే ఇనప మెడా లారీలో వస్తాయి. అద్దం పూత ఇంకా ఆరలేదు. అది తరవాత.

జెనోన్

---

ఓల్షాంకా, ఏప్రిల్ 25

అన్నయ్యకు,

దిమ్మె అయింది, గూడు అయింది. నేనూ తెయోఫిలూ కలిసి కట్టాం, మేకులన్నీ నేనే కొట్టాను. బొటనవేలు ఒకటి నల్లబడింది, అంతే.

ప్లాస్టిక్ చుట్టాను. తిట్టకు. ఒక రాత్రి వాన పడుతుంటే మనసు ఊరుకోక గూడంతా కప్పేశాను. పొద్దున విప్పితే బయట పొడి, లోపల చెమట. చెక్కలు ఉబ్బి తలుపు పట్టేసింది. మూడు రోజులు ఎండబెట్టాం. ఇప్పుడు గాలి బొక్కలే కాపలా కాస్తున్నాయి.

తెల్ల రంగు కోసం వెళితే కోఆపరేటివ్ దుకాణంలో నీలం ఒక్కటే ఉంది. నీలమే వేశాం. చాలా బాగుంది. ఊళ్లోవాళ్లు కూడా ఆగి చూసి వెళుతున్నారు. గెనొవేఫా అని ఒక పెద్దామె నాకు చీజు ముద్ద తెచ్చిచ్చింది.

ఒకటి అడగాలి. టెలిస్కోపు సరిగ్గా అక్కడే ఉండాలా? పది అడుగులు ఇంటి వైపు జరిపితే ఏమైనా నష్టమా? ఊరికే అడుగుతున్నాను.

ఒటీలియా

---

పొజ్నాన్, ఏప్రిల్ 29

ఒటీలియాకు,

ఊరికే అడిగే మనిషివి కావు నువ్వు. నాలుగు బస్తాల సిమెంటు నేలలో దించాక పది అడుగులు జరపడమేమిటి? ఏం జరుగుతోందక్కడ?

లారీ రేపు బయల్దేరుతుంది. అద్దం పంపడం లేదు, దానికి తగిన పెట్టె దొరకలేదు.

జెనోన్

---

ఓల్షాంకా, మే 4

అన్నయ్యా,

ముందు కూర్చో, తరవాత చదువు.

రంగు వేసిన మర్నాడు గెనొవేఫా పెద్దమ్మ మా గేటు తీసుకుని లోపలికొచ్చింది. ఊళ్లో పాటలకు ముందు గొంతు ఆమెదే. డెబ్బై ఎనిమిదేళ్లు. గూడు తలుపు తెరిచింది. లోపల ఖాళీ దిమ్మె. సిలువ గుర్తు వేసుకుని, దిమ్మెను ముద్దుపెట్టుకుని, "ఎన్నాళ్లకమ్మా" అంది.

"రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా మరియతల్లి గూడు పీకేశారు. పన్నెండేళ్లయింది. ఈ మలుపులోనే ఉండేది. అప్పట్నుంచి మే నెలొస్తే, అది మరియతల్లి నెల కదా, పొరుగూరు నడిచిపోయి పాడుతున్నాం, ఈ మోకాళ్లేసుకుని. మాలో ఎవరికీ రాని బుద్ధి పట్నపామెకొచ్చింది."

చెబుదామని నోరు తెరిచాను అన్నయ్యా. అప్పటికే చీజు నా చేతిలో పెట్టేసింది. తీసుకున్నాను.

నువ్వే చూడు. మరియతల్లికి వేసే నీలం రంగు, వాలు కప్పు, ముందు తలుపు, లోపల దిమ్మె, రోడ్డు మలుపు. ఎవరైనా ఏమనుకుంటారు?

మే ఒకటిన సాయంత్రం ఏడింటికి పదకొండు మంది ఆడవాళ్లూ ఇద్దరు ముసలాయనలూ వచ్చారు. ఎవరి బెంచీ వాళ్లే మోసుకొచ్చారు. దిమ్మె మీద కుట్టుపని గుడ్డ పరిచి మరియతల్లి పటం పెట్టారు. గుడ్డ కింద నీ నాలుగు బోల్టులూ ఉన్నాయి. అందరూ పాడారు. నాకు సగం మాటలే గుర్తున్నాయి, ఆ సగమే పాడాను. తరవాత అందరూ నా వంటింట్లోకి వచ్చారు. నా దగ్గర ఆరే గ్లాసులు. వంతులు వేసుకుని టీ తాగాం. ఒకామె నా ఊరగాయ దోసకాయలు రుచి చూసి ఉప్పు తక్కువైందని తిట్టింది. ఈ ఊళ్లో నన్ను తిట్టిన మొదటి మనిషి. ఎంత బాగుందో.

రోజూ వస్తున్నారు. నీ టెలిస్కోపు గొట్టం కొట్టంలో గడ్డి మీద పడుకుని ఉంది. నేనింకా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒటీలియా

---

పొజ్నాన్, మే 8

ఒటీలియా,

పదకొండేళ్లు నేను అరగదీసింది మరియతల్లికి పీట వెయ్యడానికా? చర్చి గడప తొక్కక నాకు ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు చర్చే వచ్చి నా బోల్టుల మీద కూర్చుంది.

వాళ్ల మీద నాకు కోపం లేదు, పాపం ముసలివాళ్లు. నీ మీద ఒళ్లు మండుతోంది. నువ్వు నోరు విప్పని ఒక్కో రోజూ వాళ్లని మోసం చేస్తున్నట్టే. తరవాత తెలిస్తే నీ ఆరు గ్లాసులతో ఒక్కరు కూడా టీ తాగరు.

రేపే చెప్పు. లేదా గొట్టం టోరున్‌కి పంపించెయ్యి. అద్దం ఎలాగూ ఇక్కడే ఉంది, ఆ లారీవాడు గతుకుల్లో తోలుతాడని దాన్ని ఇవ్వలేదు.

జెనోన్

---

ఓల్షాంకా, మే 11

అన్నయ్యా,

నువ్వన్నది నిజమే. తప్పు నాదే. రాత్రి సరిగా నిద్ర కూడా పట్టడం లేదు. చెబితే మళ్లీ "దేవునికి స్తోత్రం" దగ్గరికే వచ్చేస్తానేమోనని భయం. మూడేళ్లు అలా బతికాను, మళ్లీ బతకలేను. దాచడమెందుకు, నాకు వాళ్లు కావాలి.

ఇప్పుడు నీ సంగతి. పూత ఆరలేదన్నావు. పెట్టె దొరకలేదన్నావు. గతుకులన్నావు. ముప్పై ఏళ్లు ట్రామ్‌లు బాగుచేసిన వాడివి, అద్దానికి ఒక పెట్టె చేసుకోలేవా? నా మీద ఎగురుతున్నావు గాని, నువ్వు దాస్తున్నదేమిటి?

ఒక మాట అనుకుందాం. నువ్వు అద్దం పంపు. అది వచ్చిన రోజునే నేను వాళ్లకు చెబుతాను. ఇద్దరం ఒకేసారి దూకుదాం.

ఒటీలియా

---

పొజ్నాన్, మే 14

ఒటీలియా,

అద్దం ఈ ఉత్తరంతో పాటే అదే లారీవాడు తెస్తున్నాడు. నా పరుపులో సగం కోసి పెట్టెలో పెట్టాను. దాన్ని సీటు మీద పక్కనే పెట్టుకుంటానని వాడి చేత ప్రమాణం చేయించాను.

నువ్వు పట్టేశావు. తొమ్మిదో చలికాలంలో ఒకరోజు చేతులు కొంకర్లు పోతుంటే, ఇవాళే పూర్తి చెయ్యాలని పట్టుబట్టి గట్టిగా నొక్కాను. అద్దం అంచు ఎక్కువ అరిగి వాలిపోయిందేమోనని అనుమానం. తరవాత రెండేళ్లు సరిదిద్దుతూనే ఉన్నాను. మాళిగలో దీపం పెట్టి, బ్లేడు అడ్డం పెట్టి పరీక్ష చేస్తే బాగుందనే చెబుతుంది. దీపం వేరు, ఆకాశం వేరు. నాకు అరవై రెండేళ్లు. పాడైందని తెలిస్తే మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో పదకొండేళ్లు ఎక్కడ తెచ్చుకోను? అసలు చూడకపోతే పాడవలేదనే అనుకుని బతకొచ్చు కదా అనిపించింది. అందుకే ఈ సాకులన్నీ.

నేను రాలేను. బళ్లో పరీక్షా ఫలితాలు అంటించిన రోజున నేను అటక మీద దాక్కుంటే నువ్వే వెళ్లి చూసొచ్చేదానివి. ఈసారి కూడా నువ్వే చూడు.

పద్దెనిమిదిన చంద్రుడు సగం ఉంటాడు. సాయంత్రం వెలుగుండగానే దక్షిణాన కనిపిస్తాడు. బిగించే పద్ధతి మూడు కాగితాల్లో రాశాను, తెయోఫిల్‌కి చూపించు.

జెనోన్

---

ఓల్షాంకా, మే 19

అన్నయ్యా,

నిన్న మధ్యాహ్నం అద్దం క్షేమంగా చేరింది. సాయంత్రం ఏడింటికి అందరూ వచ్చి బెంచీలు వేసుకున్నారు. నేను గూడు ముందు నిలబడ్డాను. చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయి, "ఇది మరియతల్లికి కట్టింది కాదు. మా అన్నయ్య టెలిస్కోపుకి కట్టింది. మీరు వస్తుంటే నాకు బాగుండి చెప్పలేదు. క్షమించండి" అన్నాను.

గెనొవేఫా పెద్దమ్మ పక్కామె వైపు తిరిగి, "పది గుడ్లు నీకు బాకీ" అంది.

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు ఆమే చెప్పింది. "మాకు తెలుసమ్మాయ్. నీ దిమ్మెను ముద్దుపెట్టుకున్న రోజు సాయంత్రమే తెయోఫిల్ చెప్పేశాడు. ముందు సిగ్గుతో చచ్చాననుకో. బోల్టుల మీద మరియతల్లిని నిలబెడతారా ఎవరైనా, నాకే తట్టలేదు. నువ్వు ఎప్పుడు చెబుతావోనని పందెం వేసుకున్నాం. నేను ఆరోహణ పండగలోపు అన్నాను, అది పోయిన వారమే దాటిపోయింది. ఈవిడ పెంతెకోస్తు దాకా లాగుతుందంది. నీ వల్ల గుడ్లు పోయాయి."

"తెలిసి ఎందుకు వచ్చారు?" అన్నాను.

"మేమొస్తే తరుముతావేమోనని చూశాం. నువ్వు టీ పెట్టావు. తరమని ఇంటికి రాకుండా పొరుగూరు ఎందుకు నడవాలి?"

అక్కడే కూర్చుని ఏడ్చేశాను. దోసకాయల ఆవిడ తన చేతిరుమాలు ఇచ్చి, మళ్లీ గుర్తుచేసి మరీ వెనక్కి తీసుకుంది.

పటాన్ని నా వంటింటి కుర్చీ మీదికి మార్చారు. వాళ్లు కుర్చీ చుట్టూ కూర్చుని పాడుతుంటే, వెనక తెయోఫిల్ బోల్టులు బిగిస్తూ రెండో గొంతు కలిపాడు. పాటా బిగింపూ ఒకేసారి పూర్తయ్యాయి. గూడు వెనక్కి నెట్టాం, చక్రాలు కిర్రుమన్నాయి గాని కదిలాయి. అద్దం వెనకున్న మూడు మరలూ నీ కాగితంలో ఉన్నట్టే తిప్పాను. చంద్రుణ్ని వరసగా అందరూ చూశారు. గెనొవేఫా పెద్దమ్మ కన్ను ఆనించి చూసే గాజును వదల్లేదు, చీకటి పడేదాకా అక్కడే నిలబడింది.

అన్నయ్యా, నీ అద్దం చాలా బాగుంది. చాలా చాలా బాగుంది.

ఒటీలియా

---

పొజ్నాన్, మే 22

ఒటీలియా,

వాళ్లు నిన్ను వదిలిపెట్టలేదు, నాకు అంతకంటే ఏం కావాలి. నేను తప్పుగా అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

అద్దం మాట మాత్రం నీ నోటి నుంచి నమ్మను. పందొమ్మిదేళ్లప్పుడు ఆ మీసం నాకు నప్పిందన్నావు. నా కోసం నువ్వు ఎంత అబద్ధమైనా ఆడతావు. ఆ పెద్దామెను అడుగు. ఏం చూసిందో ఆమె మాటల్లోనే రాసి పంపు. నాకు ఏ జవాబు కావాలో రాయడం లేదు, రాస్తే అదే ఆమె చేత చెప్పిస్తావు.

జెనోన్

---

ఓల్షాంకా, మే 26

జెనోన్ బాబుకి,

నేను చెబుతున్నా, నీ చెల్లెలు రాస్తోంది. ఒక్క ముక్క కలిపినా ఊరుకోనన్నా. రాశాక చదివించుకుని సంతకం పెడతా.

నేను చూసింది అడిగావంట. చంద్రుడు సగం ఉన్నాడు. తలకిందులుగా ఉన్నాడు, అది నీ తప్పో ఆయన తప్పో నాకు తెలీదు. వెలుగు అయిపోయే చోట గీత గీసినట్టు లేదు. గొడ్డలితో చీల్చిన చెక్క అంచులా గరుగ్గా ఉంది. నేను ఆ అంచే చూస్తా ఉన్నా. అంచు దాటినాక, చీకట్లో, కాస్త ఎడంగా ఒక చుక్క. ఒంటరిగా ఉంది. సూది మొనంత ఉంది. దాని చుట్టూ మసక లేదు, పక్కకి పరుచుకోలేదు, అంతే ఉంది. దుమ్మేమో అనుకుని నా తలగుడ్డతో గాజు తుడవబోయా. నీ చెల్లెలు కెవ్వుమంది. మళ్లీ చూస్తే అక్కడే ఉంది. నేను చూస్తుండగానే దాని పక్కన ఇంకోటి వెలిగింది.

అది కొండ కొస అంది నీ చెల్లెలు. అక్కడ తెల్లారతా ఉందంట, ముందు ఎత్తు మీద ఎండ పడుద్దంట. మా ఊళ్లోనూ అంతేగా, ముందు చర్చి గోపురం మీదే పడుద్ది. ఇందులో చదువుకోవాల్సిందేముందో నాకు తెలీలేదు.

ఇంకో సంగతి. మీ గూడుకి పది అడుగుల అవతల మరియతల్లికి వేరే గూడు కడతాం, మీ చెల్లెలు చోటిచ్చింది. పాతది పీకినప్పుడు చూస్తే పటం వెనకంతా బూజు. గాలి బొక్కలు ఎక్కడ పెట్టాలో, గుంత ఎంత లోతో నువ్వు గీసి పంపు. నువ్వు చర్చికి పోవని నీ చెల్లెలు చెప్పింది. గీయడానికి చర్చికి పోనక్కర్లేదుగా. జూన్‌లోనూ పాడతాం, తొందరగా పంపు. బోల్టులు వద్దు.

గెనొవేఫా

---

పొజ్నాన్, మే 31

గెనొవేఫా అమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం మాళిగ మెట్ల మీద కూర్చుని చదివాను. ఈ రోజే ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను.

ఆ చుక్క చుట్టూ మసక లేదన్నారు. అంచు వాలిన అద్దమైతే అది మబ్బులా పరుచుకునేది, మీకు కనిపించేదే కాదు. ఆ సంగతి మీకు తెలియదు, మీకు నన్ను సంతోషపెట్టాల్సిన పనీ లేదు, అందుకే నమ్మాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. పక్క మాళిగాయన బంగాళాదుంపల బస్తా మోసుకుంటూ వచ్చి, నన్ను చూసి, బస్తా దించి పక్కన కూర్చున్నాడు.

మరియతల్లి గూడు బొమ్మ ఇందులో పెట్టాను. నాలుగుసార్లు గీశాను. గుంత లోతు అంతే. గాలి బొక్కలు కింద మూడు, పైన మూడు. పటం వెనక రెండు వేళ్ల సందు వదలండి, బూజు పట్టదు. బోల్టులు లేవు. నేను నమ్మేవాణ్ని కాదు, కానీ మీ పటం తడవదు, దానికి నాది పూచీ.

జూన్ పదహారున చంద్రుడు మళ్లీ సగమవుతాడు. ఆ సాయంత్రం బస్సుకి వస్తున్నాను, ఒటీలియాకి చెప్పండి. మీరు పాడుతుంటే గేటు దగ్గర ఆగుతాను. ఈ పదకొండేళ్లలో ఆ టెలిస్కోపు లోంచి నేనింకా ఏమీ చూడలేదమ్మా. మీ పాట అయ్యాక నాకు కూడా చూపించండి. ఎక్కడ చూడాలో మీరే చెప్పండి.

జెనోన్